హలీం బట్టీకి కట్టె ఎంపిక

రంజాన్ నెలలో కాచిగూడ చౌరస్తా నుంచి స్టేషన్ వైపు నడిస్తే హోటళ్ల ముందు ఇటుకా మట్టీ పెట్టి కట్టిన బట్టీలు కనబడతాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి ఒకటయ్యేదాకా గోట్నీలనే చెక్క రోకళ్లతో దంచేవాళ్ల భుజబలాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం బట్టీ నోటి దగ్గర కూర్చున్న మనిషిని చూస్తూ నిలబడిపోతాను. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరులో సగం వాటా నిప్పు చూసుకునే ఈయనదేనని నా నమ్మకం.

ఆయన పని కట్టెల అడితిలోనే మొదలవుతుంది. చెట్టు జాతి కన్నా ముందు తడి చూస్తాడు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో ఇంచుమించు సగం నీళ్లే. పచ్చికట్టె పెడితే పుట్టిన వేడిలో చాలా భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. మంట నీరసిస్తుంది, కట్టెలోంచి వెలువడే వాయువులు పూర్తిగా కాలక పొగవుతాయి. బాగా ఎండిన కట్టెలో తేమ 15–20 శాతానికి దిగుతుంది. అది తెలియడానికి ఆయనకు పరికరం అక్కర్లేదు. కోసిన కొసన నెర్రెలు విచ్చాయా, బెరడు పట్టు వదిలిందా, చేతికి తేలిగ్గా ఉందా అని చూసి, రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొడతాడు. ఖంగుమంటే కుప్పలోకి, మొద్దుగా మోగితే పక్కకి.

జాతి సంగతి ఆ తరవాతే. చేవ గల తుమ్మ, చింత కాలాక గట్టి నిప్పులు మిగులుతాయి, అవి చాలాసేపు నిలుస్తాయి. పొలాలను కమ్మేస్తుందని రైతులు తిట్టుకునే సర్కారు తుమ్మ పొయ్యిలో మాత్రం మేలిరకం. దాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటింది కూడా కట్టె కరువు తీర్చడానికే. పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి కానీ రంగూ జిగురూ కాలిన పొగ అన్నం వండే చోటికి రాకూడదు. ఈ విషయంలో రాజీ పడే వంటవాడి మీద నాకు గౌరవం ఉండదు.

ఇక మంట నడిపే తీరు చూడాలి. దేగ్ అనే పెద్ద వంటపాత్ర మరగాలంటే సన్నగా చీల్చిన కట్టెలు, వాటి మధ్య గాలి ఆడేంత సందు. మరిగాక లావు మొద్దులు. సెగ తగ్గించాలంటే కట్టెను బయటికి లాగుతాడు, పెంచాలంటే లోపలికి తోస్తాడు. గంటల తరబడి ఉడికే హలీం చిక్కబడే కొద్దీ అడుగంటే ప్రమాదం పెరుగుతుంది. అందుకే చివరి గంటల్లో మంట కనబడనివ్వడు, ఒట్టి నిప్పుల మీదే నడిపిస్తాడు.

కట్టెను ఇలా చేత్తో ఎంచే పని లేని చోట్లూ ఉన్నాయి. చలి దేశాల్లో ఇళ్లను వెచ్చబరచడానికి రంపపు పొట్టును 6 మిల్లీమీటర్ల గుళికలుగా నొక్కి అమ్ముతారు. యూరప్‌లో మొదటి తరగతి గుళికల్లో తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం దాటకూడదు. కట్టెలోని లిగ్నిన్ వేడికి మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది, వేరే జిగురుతో పని లేదు. అక్కడ యంత్రం ప్రతి గుళికనూ ఒక్క తీరున తయారుచేస్తుంది. ఇక్కడ ఏ రెండు కట్టెలూ ఒకలా ఉండవు. అయినా దేగ్ కింద సెగ ఒక్క తీరున ఉంటుంది.

బట్టీ ఊడ్చేటప్పుడు ఆయన బూడిద కూడా చూస్తాడు. మెత్తగా, తెల్లగా ఉంటే ఆ అడితిలోనే మళ్లీ కొంటాడు. నల్లటి బొగ్గుముక్కలు ఎక్కువగా ఉంటే గాలి చాలలేదో, కట్టె ఆరలేదో తేల్చుకుని, మర్నాటి మొద్దులను బట్టీ గోడవారగా ఆరబెడతాడు.