కేళీల మడి, నివ్వరి కుంట

ఈ వారం కరీంనగర్ వైపు ఒక విత్తన మడిలో అక్కలు కేళీలు, అంటే పంటలో కలిసిన వేరే రకం మొక్కలు, తీస్తుంటే గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను. ఒక పిలక ఎత్తుగా లేచిందనో, గింజకు మీసం ఉందనో, పొట్టు ఎర్రబారిందనో ఆ అక్కలు నడుస్తూనే పట్టేస్తారు. చెయ్యి పడిందంటే దుబ్బు వేళ్లతో సహా రావలసిందే. కల్తీ విత్తనం మీద ఈ కాలమ్‌లో ఎంత మొత్తుకున్నానో మీకు తెలుసు. ఆ పనితనం చూస్తే ప్రాణం లేచొచ్చింది.

మడి దాటితే చెరువు శిఖం, అందులో నివ్వరి అనే అడవి వరి. శాస్త్రవేత్తలు శర్మ, శాస్త్రి 1965లో దీన్ని ఒరైజా నివారా పేరుతో వేరే జాతిగా నిలబెట్టారు. ఏటా గింజ రాల్చి చచ్చేది నివారా, నీరు ఎండని చోట ఏళ్ల తరబడి బతికే మరో అడవి వరి ఒరైజా రూఫిపోగాన్. పుస్తకంలో ఇంతే. నీళ్లలో దిగి చూస్తే రెండింటి మధ్య రకాలు ఎన్నో. రెండూ ఒకే జాతి అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. పైగా మన వరి పుప్పొడి కూడా వీటికి పడుతుంది. మూడింటివీ 24 క్రోమోజోములే, ఒకదానితో ఒకటి జతపడతాయి.

దాని ఫలితం మధ్య భారత రైతులు అనుభవించారు. లేత దశలో అడవి వరికీ అసలు వరికీ తేడా తెలియదు. అందుకని ఊదారంగు ఆకుల వరి వేయించారు, పచ్చగా ఉన్నదల్లా కలుపేనని. కొన్ని పంటలు తిరిగేసరికి పుప్పొడి అటు దాటింది. పచ్చవాటిని పీకేకొద్దీ, ఊదారంగు తెచ్చుకున్న అడవి మొక్కలే మిగిలి గింజ రాల్చాయి. కలుపు కూడా ఊదారంగుకు తిరిగింది.

అయితే శిఖంలోనూ కేళీలు తీయించాలా? వద్దంటాను. 1970 ప్రాంతంలో గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిని గిడసబార్చినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలు వెతికింది. తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన ఒకే ఒక్క నివారా నమూనా, అందులోనూ కొన్ని మొక్కలే. ఆ సంస్థ శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ ఆ గుణాన్ని వరిలోకి ఎక్కించారు. అది ఉన్న ఐఆర్ 36 రకం 1976లో విడుదలైంది. మిగతా నివారాలకూ అదే పేరు, అదే మీసం. ఆ శక్తి మాత్రం లేదు.

కాబట్టి జాతికొక సంచి నింపి భద్రపరిస్తే చాలదు. కుంటకొక సంచి కావాలి, మడిని ఆనుకుని పెరిగిన సంకరాలతో సహా. అదీ గింజ నీళ్లలో రాలకముందే. వేసవిలో పూడిక తీసేటప్పుడు నివ్వరి ఉన్న మూలను ముట్టుకోవద్దని ఊరి పెద్దలను అడగండి. నేనూ అడుగుతాను.