వేషమని తెలిసే చూస్తాం

ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి అప్పు కట్టుకుంటూ, పిల్లల్ని బడికి పంపే మనిషి రాత్రి భోజనాలయ్యాక ఫోనులో జపాను యానిమే పెట్టుకుంటే ఇంట్లో ముందు వినపడేది ఒకటే మాట: ఈ వయసులో బొమ్మల సినిమాలేమిటి? సినిమాహాల్లో ఈల వేసినా, సెల్లులో ఆట ఆడినా అదే మాట. దాని వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. కల్పనలో మునిగిపోవడం పిల్లల పని అనీ, మీసాలొచ్చాక దాన్ని వదిలిపెట్టాలనీ. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల కళాచరిత్ర తెలిసినవాళ్లు ఈ నమ్మకాన్ని ఒప్పుకోలేరు. కృష్ణ సముద్రంలో కలిసే ఈ గడ్డ మీద పెద్దవాళ్లే పెద్దవాళ్ల కోసం వేషాలు కట్టారు. పెద్దవాళ్లే రాత్రంతా మేలుకుని చూశారు. ఎదుట ఉన్నది వేషమని తెలిసీ కరిగిపోవడం, కరిగిపోతూనే వేషగాడి పనితనాన్ని తూచడం ఇక్కడ తరతరాలుగా అలవడిన విద్య. పిల్లవాడు నమ్మేస్తాడు, లేదా నవ్వేస్తాడు. రెండూ ఒకేసారి మనసులో నిలుపుకోవడానికి వయసు కావాలి. యానిమే అభిమాని చేస్తున్నది కూడా అదేనని నా వాదన.

బందరుకు పడమరగా, మొవ్వకు పక్కనే ఉన్న కూచిపూడి భామాకలాపాన్ని చూడండి. సిద్ధేంద్రయోగి పేరు మీద నిలిచిన ఈ కలాపంలో కథ ఏమంత లేదు. సత్యభామకు కృష్ణుడి మీద కోపం, ఎడబాటు, ఒక ఉత్తరం, మళ్లీ కలయిక. అంతే. కానీ ఆమె రాక చూడాలి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. ముఖం కనపడదు. ముందుగా తెర మీదుగా పొడవాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. ఆటలో, పాటలో తమను గెలిచేవాళ్లుంటే రమ్మని భాగవతులు సభకు విసిరే సవాలు అది. ఆ తర్వాత ప్రవేశదరువు, అందులో తానెవరో తన గొప్పేమిటో ఆమే చెప్పుకుంటుంది. కాగడాల రోజుల్లో ముఖ్యపాత్ర వచ్చే వేళకు మంట మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున లేచిన వెలుగులో ఆభరణాలు మెరిసేవి. ఇంతా చేసి తెర తొలగితే నిలబడ్డది ఊళ్లో అందరికీ తెలిసిన మగవాడు. ఈ వేషానికి పేరు మోసిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చిందంటే, ఆడవేషం కట్టిన మగవాణ్ణి చూసే చూపుకు కూడా ఆ గౌరవంలో వాటా ఉంది.

కలాపంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం భర్త పేరు చెప్పే ఘట్టం. ఉత్తరం ఎవరికివ్వాలో పేరు చెప్పమంటుంది చెలికత్తె మాధవి. కాసేపటి క్రితం సభనంతా సవాలు చేసిన సత్యభామ ఇప్పుడు సిగ్గుతో మెలికలు తిరుగుతుంది. పెనిమిటి పేరు నోట పలకడమెలా? సైగ చేస్తుంది, పక్కకు తిరుగుతుంది, కొంగు సవరించుకుంటుంది, మాట పెదవి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ మాధవి వేషంలో ఉన్నది సూత్రధారుడే. కృష్ణుడి దగ్గరకు వెళ్లినప్పుడు అతడే మాధవుడవుతాడు. వేషం మార్చుకోడు, నిలబడే తీరూ మాటా మారుస్తాడు, సభ ఒప్పుకుంటుంది. ఒక మగవాడు ఆడదానిగా సిగ్గుపడుతుంటే, ఇంకో మగవాడు చెలికత్తెగా ఆటపట్టిస్తుంటే, ఎదుట కూర్చున్న గృహస్థులు తమ ఇంట్లో రోజూ చూసే సిగ్గును అందులో గుర్తుపట్టి మురిసిపోతారు. పదేళ్ల పిల్లవాడికి ఇందులో సగం అందదు. ఇది బొమ్మలాట కాదనేవాళ్లు ఉంటారు. సాధనాల సంగతి తీసుకుంటే ఇది బొమ్మలాటకు దగ్గరే. ఒక తెర, ఒక జడ, ఒక వెలుగు. మిగిలినదంతా చూసేవాడు పూరించుకోవాలి.

ఈ చూపు సినిమాహాలు దాకా అలాగే వచ్చింది. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివి, బందరు నాటకాలతో కలం సానపట్టుకున్న పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ రాసిన ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లివారింట్లో తిరిగే సన్నివేశాల్లో తెర మీద ఉన్నది సావిత్రి ఒక్కతే. ఆమెలో శశిరేఖ కనపడాలి, శశిరేఖలోంచి ఘటోత్కచుడు తొంగిచూడాలి. ఒయ్యారంగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మగ అంగ వేస్తుంది, చప్పున సర్దుకుంటుంది. ముగ్గుర్నీ ఒకేసారి చూడగలిగినవాడికే అక్కడ నవ్వు వస్తుంది. సత్యభామను చూసి చూసి ఉన్న జనానికి అది కొత్త పాఠమేమీ కాదు. పైగా ఆ కథ అందరికీ తెలుసు. 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చింది కూడా. తెలిసిన కథ కాబట్టే ఏం జరుగుతుందన్న ఆత్రం పోయి, ఎలా చేశారన్న దాని మీదికి చూపు మళ్లుతుంది. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్లే దృశ్యాన్ని పదోసారి చూసేవాళ్లు మార్కస్ బార్ట్లీ కెమెరా పనిని కూడా చూస్తున్నారు.

అభిమానం ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి బందరులోనే ఒక మనిషి ఉన్నాడు. కమలాకర కామేశ్వరరావు 1911లో ఇక్కడే పుట్టాడు, ఇక్కడే చదువుకున్నాడు, ‘కృష్ణాపత్రిక’లో ‘సినీఫాన్’ పేరుతో సినిమా సమీక్షలు రాశాడు. ‘కృష్ణాపత్రిక’ అంటే తేలికైన పత్రిక కాదు. 1902లో మొదలై, దివితాలూకా ముట్నూరులో పుట్టిన ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో స్వాతంత్య్రోద్యమానికి గొంతుగా నిలిచింది. అలాంటి పత్రిక సినిమా అభిమాని రాతకు చోటిచ్చిందంటే, ఆ అభిమానాన్ని పెద్దవాళ్ల వ్యవహారంగానే లెక్కించిందని అర్థం. అదే మనిషి తర్వాత దర్శకుడై 1963లో ‘నర్తనశాల’ తీశాడు. గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్టీ రామారావు అందులో బృహన్నల. నాట్యం నేర్పింది కూచిపూడి వాడైన వెంపటి పెదసత్యం. అర్జునుడు బృహన్నల వేషం కట్టాడు, అర్జునుడి వేషం రామారావు కట్టాడు. వేషంలో వేషం. ఆ పాత్రను ఎగతాళి చెయ్యకుండా, వీరుడి బరువు తగ్గకుండా నిలబెట్టడం అంత సులువు కాదు. సత్యభామను అర్థం చేసుకున్న ప్రాంతపు మనుషులు కాబట్టి చెయ్యగలిగారని నా అభిప్రాయం. చూడ్డం బాగా నేర్చినవాడే బాగా తీశాడు.

ఆ 1963 జనవరి 1నే జపాను టెలివిజన్‌లో ఒసాము తెజుకా ‘అస్ట్రో బాయ్’ మొదలైంది. వారం వారం ఒక భాగం ఇవ్వాలి, చేతిలో డబ్బు లేదు, మనుషులు లేరు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. అన్నిటికీ వేరువేరు బొమ్మలు గియ్యలేక ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపారు. ముఖం కదలకుండా ఉంచి పెదవులు మాత్రం కదిలించారు. గీసిన బొమ్మలను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకున్నారు. పేదరికంలో పుట్టిన ఈ పొదుపే క్రమంగా శైలి అయింది. కదలని ముఖం మీద జుట్టు ఒక్కటే గాలికి ఊగుతుంటే ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో చూసేవాడు ఊహించుకుంటాడు. కొట్లాట మధ్యలో బొమ్మ హఠాత్తుగా నిలిచిపోతే దెబ్బ బరువు తెలుస్తుంది. ఇవన్నీ అభిమానులకు కంఠతా వచ్చు. ఏ భాగం ఏ చిత్రకారుడు చేశాడో గీత చూసి చెప్పగలిగేవాళ్లున్నారు. ముఖం చూపకుండా జడ ఒక్కటీ చూపించి సత్యభామ గర్వమంతా చెప్పిన మనవాళ్లకు ఈ పద్ధతి పరాయిది కాదు.

పద్ధతులు సరే, దానివల్ల మనసుకు ఒరిగేదేమిటని అడగవచ్చు. మకోతో షింకాయ్ 2022లో తీసిన ‘సుజుమె’ను దివిసీమ వాళ్లు చూడాలి. పాడుపడిన ఊళ్లలో తెరుచుకున్న తలుపులను మూసుకుంటూ వెళ్లే పదహారు, పదిహేడేళ్ల పిల్ల కథ అది. తలుపుకు తాళం పడాలంటే, ఒకప్పుడు అక్కడ బతికిన మనుషుల గొంతులను ముందు చెవిన పెట్టాలి. చివరికి ఆమె చిన్ననాటి డైరీ బయటపడుతుంది. 2011 మార్చి 11 నుంచి పేజీలకు పేజీలు నల్లరంగు పులిమి ఉంటాయి. ఆ రోజు వచ్చిన సునామీలో తల్లి పోయింది. నాలుగేళ్ల పిల్లకు రాయడానికి మాట దొరకలేదు, నలుపు దొరికింది. 1977 నవంబరు 19న దివిసీమలోని సొర్లగొంది, పాలకాయతిప్ప ఊళ్ల మీదికి సముద్రం వచ్చింది. ఒక్క రాత్రిలో వేలమంది పోయారు. ఆ ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, అప్పటికి పసివాళ్లు, ఇవాళ యాభై దాటి మన మధ్యే ఉన్నారు. ఆ నల్ల పేజీలు చూసి వాళ్లలో ఒకరు కన్నీరు పెట్టుకుంటే, బొమ్మల సినిమాకు ఏడుపేమిటని అడిగే హక్కు ఎవరికుంది? గీసిన బొమ్మే కాబట్టి ఆ దుఃఖాన్ని కొంచెం దూరం నుంచి చూడగలుగుతారు. నిజమైన నీళ్లూ నిజమైన శవాలూ చూపించే చిత్రమైతే మధ్యలోనే లేచిపోయేవారు.

మనదంతా వదిలి జపానువాళ్ల కథలెందుకని ఇంకో అభ్యంతరం. ఇందులో బాధ ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేం. రాత్రంతా సాగే కూచిపూడి భాగవతం ఇప్పుడు గంటో రెండు గంటలో సాగే కచేరీగా కుదించుకుపోయింది. కలాపం పూర్తిగా వేసేవాళ్లూ, కూర్చుని చూసేవాళ్లూ తగ్గారు. కానీ ఆ పని యానిమే చెయ్యలేదు. యానిమే మన ఇళ్లలోకి రాకముందే అది జరిగింది. కథలకు సరిహద్దులు కట్టడం కూడా కుదరదు. యుగో సాకో చొరవతో జపానూ మన దేశమూ కలిసి తీసిన రామాయణం యానిమే 1992 నాటిది. 2025 జనవరిలో తెలుగు మాటలతో హాళ్లలోకి వచ్చింది. అదే ఏడాది జూలైలో మనదేశంలో తయారైన ‘మహావతార్ నరసింహ’ను తెలుగువాళ్లు కుటుంబాలతో వెళ్లి చూశారు, సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ కూడా తెలుగులో వచ్చింది. ప్రహ్లాదుడి కథను బొమ్మల్లో చూసి దండం పెట్టుకున్న పెద్దవాళ్లది పిల్లచేష్ట అని ఎవరూ అనలేదు. దేవుడుంటే భక్తి, లేకపోతే పిల్లతనం అని రెండు తూకాలు పెట్టుకోవడం న్యాయం కాదు.

సెల్లు ఆటల విషయంలో మాత్రం అభ్యంతరం బలంగా ఉంది, దాన్ని సగానికి పైగా ఒప్పుకుంటాను. అందులోనూ కళ ఉంది. 2020లో వచ్చిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ లాంటి ఆటలో కొత్త పాత్ర దిగేముందు ఒక చిన్న చిత్రం విడుదలవుతుంది. పేరు, గొప్ప, ఆయుధం, నడక, దానికంటూ ఒక సంగీతం. అచ్చంగా పాత్రప్రవేశమే. మన హీరో తెర మీదికి వచ్చే తీరుకూ దానికీ చుట్టరికం ఉంది. కానీ ఆ పాత్ర చేతికి రావాలంటే లాటరీ పద్ధతిలో మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి, ఆశ పెరిగేకొద్దీ డబ్బు పెట్టాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. వేషం అబద్ధమని తెలిసి చూడవచ్చు, జేబులోంచి పోయిన డబ్బు అబద్ధం కాదు. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది, అది మంచి పని. పందెం లేని ఆటలకూ ఇంకో లోపం ఉంది: వాటికి ముగింపు లేదు. భాగవతానికి తెల్లవారేసరికి మంగళం పాడతారు; హారతి ఇచ్చాక వేషగాడు వేషం విప్పుతాడు, చూసినవాళ్లు పొలానికో పనికో వెళ్తారు. సినిమాకు శుభం కార్డు ఉంది, మంచి యానిమేకు ఆఖరి భాగం ఉంది. రేపు కూడా రమ్మని, రాకపోతే బహుమతి పోతుందని బెదిరించే ఆటకు మంగళం లేదు. కథ ఉండి, ఒకచోట ముగిసే ఆటలూ ఉన్నాయి. పెద్దవాళ్లు వాటిని ఎంచుకోవాలి. ముగింపు లేనివాటికి మంగళం తామే పాడుకోవాలి.

కాబట్టి ఇంట్లో యానిమే చూసే పెద్దవాళ్లుంటే వాళ్లను వెక్కిరించేముందు ఒక్క భాగం పక్కన కూర్చుని చూడండి, ఏది బాగుందో ఎందుకు బాగుందో అడగండి. చెప్పగలిగితే వాళ్లు సినీఫాన్ దారిలో ఉన్నట్టే. యానిమే అభిమానులకూ ఒక విన్నపం. బొమ్మ ఏ క్షణంలో ఆగిందో పట్టుకోగల చూపు మీకుంది. కూచిపూడిలో గానీ, దగ్గరి ఊళ్లో గానీ భామాకలాపం పూర్తిగా వేస్తున్నారని తెలిసిన రోజున ఆ చూపుతో వెళ్లి ముందు వరసలో కూర్చోండి. తెర మీదుగా జడ పడినప్పటి నుంచి మంగళం దాకా ఉండండి. అక్కడ ఇప్పుడు కావలసింది మీలాంటి చూపరులే.