చెట్టుకు తగలని బాణాలు

కథ మొదట్లో యువరాణి యోనాకు ఉన్న కష్టాలన్నింటిలోకీ పెద్ద కష్టం జుట్టు. ఎర్రగా ఉంటుంది, దువ్వెనకు లొంగదు. పదహారో పుట్టినరోజునాడు కూడా ఆ పిల్ల బెంగ అదే. గారాబం చేసే తండ్రి ఇల్ రాజు, నోరు తెరిస్తే వెటకారమాడే అంగరక్షకుడు హాక్, చిన్నప్పటి నుంచీ మనసుపడ్డ సూ-వోన్. ఇదీ ఆమె లోకం. ఈ సూ-వోన్ ఆమెకు పెదనాన్న కొడుకు. మన లెక్కన అన్న వరస కాబట్టి మొదటి ఎపిసోడ్‌లోనే మనకు కాస్త మింగుడుపడదు. వాళ్ల కోకా రాజ్యంలో ఆ పట్టింపు లేదు, సర్దుకుపోవాలి. ఆ రాత్రే సూ-వోన్ కత్తితో ఇల్ రాజును చంపుతాడు. యోనా కళ్లారా చూస్తుంది. హాక్ ఆమెను తీసుకుని కోట దాటేస్తాడు.

‘యోనా ఆఫ్ ద డాన్’ అనే ఈ యానిమేను నాకు అంటగట్టింది మా మేనకోడలు. జపనీస్ పేరు ‘అకాత్సుకి నో యోనా’. మిజుహో కుసానాగి 2009 నుంచి ‘హానా టు యుమె’ అనే పత్రికలో గీస్తూ వచ్చిన మాంగాకు ఇది తెర రూపం. పియెర్రో స్టూడియో 24 ఎపిసోడ్లు తీసింది. 2014 అక్టోబర్ నుంచి 2015 మార్చి దాకా జపాన్ టీవీలో వచ్చింది. కథ ఏ నిజమైన దేశంలోనూ జరగదు గానీ పేర్లూ, కోటలూ, బట్టలూ పాత కొరియాను గుర్తుకు తెస్తాయి. రెండు మూడు ఎపిసోడ్లు చూసి నేను విసుక్కున్నాను. ఆ పిల్ల పలకదు, తినదు, చేయి పట్టి నడిపిస్తే నడుస్తుంది, లేకపోతే కూలబడుతుంది. “అత్తా, కాస్త ఓపిక పట్టు” అంది మా పిల్ల. పట్టాను.

తర్వాత చూస్తే తెలిసింది, ఆ నీరసమంతా కావాలనే పెట్టారని. తండ్రి శవాన్ని చూసిన పిల్ల మర్నాడే కత్తి దూసి శపథం చేస్తే, మన సినిమాలు చూసి పెరిగిన నాకు ఈల వేయాలనిపించేది, మూడో రోజుకు మరిచిపోయేదాన్ని కూడా. ఇక్కడ ఆమె ముందు పూర్తిగా విరిగిపోతుంది. మళ్లీ కదలడానికి చాలా సమయం పడుతుంది. ఆ సమయాన్ని కథ కత్తిరించలేదు.

ఆరో ఎపిసోడ్ దగ్గర తిరుగుతుంది కథ. అగ్ని తెగ పెద్దగారి చిన్నబ్బాయి కాన్ తే-జున్ మనుషులు వీళ్లను కొండ అంచున చుట్టుముడతారు. విషపు బాణం తగిలి హాక్ లోయ అంచున వేలాడుతుంటాడు. వెళ్లబోయిన యోనా జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతాడు తే-జున్. ఆమె చేతికందిన కత్తి తీసి ఆ జుట్టునే తెగ్గోసుకుని అతని పట్టు విడిపించుకుంటుంది. చూపిన తెగింపు ఎంతదైనా, చేసిన పని మాత్రం చిన్నది. ఎవరినీ చంపలేదు, ఏ శక్తీ మేల్కొనలేదు, హాక్‌ను పైకి లాగే బలం కూడా లేదు. ఇద్దరూ లోయలో పడతారు. ఆమెకు గొంతు ఇచ్చిన చివా సాయితో అక్కడి నుంచి స్వరం ఒక మెట్టు దించుతుంది. మొదటి ఎపిసోడ్‌లో ముద్దు ముద్దుగా పలికింది ఈవిడేనా అనిపిస్తుంది.

నాకు ఈ కథ నిజంగా పట్టింది దాని తర్వాతే. గాయాలు మానుతుండగా హాక్‌ను ఆయుధం పట్టడం నేర్పమని అడుగుతుంది. ఇల్ రాజుకు ఆయుధాలంటే పడదు. కూతురి చేతిలో ఒక్కటీ పెట్టనివ్వలేదు. హాక్ తటపటాయిస్తూనే విల్లు ఇస్తాడు. ఆపైన యోనా ఎక్కడికి వెళ్లినా విల్లు వెంటే. పగలు నడక, రాత్రి మిగతావాళ్లు పడుకున్నాక చెట్లకు గురిపెట్టడం. తగలవు. మళ్లీ వేస్తుంది.

విలువిద్య అంటే చేతి బలమని పైనుంచి చూసేవాళ్లు అనుకుంటాం గానీ నారిని చెంప దాకా లాగి నిలపాల్సింది వీపు కండరాలు. కొత్తవాళ్లకు భుజం వణుకుతుంది, వదిలిన నారి వచ్చి ఎడమ ముంజేతిని కొడుతుంది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు. దానికి కప్పీలుంటాయి, పూర్తిగా లాగాక బరువు చాలావరకు తగ్గిపోతుంది. అయినా యాభై మీటర్ల అవతల ఆ చిన్న పసుపుచుక్కను మళ్లీ మళ్లీ కొట్టడానికి ఏళ్లు పడుతుంది. యోనా చేతిలో ఉన్నది కప్పీల్లేని మామూలు విల్లు. లాగినంతసేపూ ఆ బరువు మొత్తం ఆమెదే.

నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. జంట వరుసల దగ్గరే ఎడమచేతి వేళ్ల చివర తీగ గాట్లు పడ్డాయి, ఏది తగిలినా చుర్రుమనేది. వాటి మీద కొబ్బరినూనె రాసుకుని మళ్లీ అవే వరుసలు వాయించాలి. ఆ గాట్లు గట్టిపడేదాకా సంగీతం అనేది అసలు మొదలు కాదు. ఆ దశ మీద పాట కట్టేవాడు ఉండడు, ఎందుకంటే అందులో చూపించడానికేమీ లేదు. మన సినిమాల్లో అయితే ఒక్క పాటలో కుర్రాడు బస్తాలు మోసి, టైర్లు దొర్లించి, చివరి చరణానికి యోధుడైపోతాడు. ‘బాహుబలి 2’లో దేవసేనకు ఒకేసారి మూడు బాణాలు వేయడం యుద్ధం మధ్యలో, బాహుబలి పక్కన నిలబడి చూపించగానే వచ్చేస్తుంది. హాల్లో నేనూ చప్పట్లు కొట్టాను, అది వేరే సంగతి. భారతంలో మాత్రం లెక్క వేరు. గాలికి దీపం ఆరిపోయినా ముద్ద నోటికే వెళ్లడం గమనించి, అలవాటుంటే చీకట్లోనూ గురి కుదురుతుందని అర్జునుడు రాత్రిళ్లు సాధన మొదలుపెట్టాడు. ఆ నారి మోత విని ద్రోణుడు వెతుక్కుంటూ వచ్చాడు. యోనాది ఆ వంశం.

తనకు తోడుగా నలుగురు డ్రాగన్ వీరులను పోగుచేసుకుంటూ వెళ్లే యోనాకు అవా రేవు కథ దగ్గర ఇదంతా అక్కరకొస్తుంది. ఆ ఊరిని ఏలే కుమ్-జి ఆడపిల్లలను పట్టి అమ్ముతుంటాడు. అతని మీద పోరాడే ఓడదొంగల నాయకురాలు గిగాన్ అనే ముసలావిడ. యోనా సాయం చేస్తానంటే చాలదని, అర్హత చూపించమంటుంది. సముద్రం మీదికి వంగిన కొండ అంచు పట్టుకుని వెళ్లి అక్కడ మొలిచే మందుమొక్కను తెమ్మంటుంది. యోనాకు భయం. కాళ్లు వణకడం మనకు కనబడుతుంది. కెరటం కొట్టి జారుతుంది కూడా. ఆకుపచ్చ డ్రాగన్ వారసుడు జే-హా చేయి అందించకపోతే మునిగేది. గిగాన్ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత అమ్ముడయ్యే ఆడపిల్లల్లో ఒకతెగా చేరి, పడవ ఎక్కడుందో బయటి వాళ్లకు తెలిసేలా మందుగుండు వెలిగించడం ఆమె పని. ఎగరడం, దూకడం, పదిమందిని ఒక్క వేటుకు పడగొట్టడం అంతా హాక్‌కూ డ్రాగన్ వీరులకూ వదిలేశారు. చివరికి చిన్న పడవలో పారిపోతున్న కుమ్-జిని మాత్రం ఆమె బాణం పడగొడుతుంది. ఎన్నో రాత్రుల చెట్లు అక్కడ లెక్కలోకి వచ్చాయి.

ఆ సీన్‌లో ఆమె కళ్లు చూడాలి. కోపిష్టి నాయికలు యానిమేలో కొదవలేదు. చీటికీమాటికీ హీరోను తన్నే రకం ఒకటుంది, నాకు రెండు నిమిషాలు కూడా భరించబుద్ధి కాదు. యోనా అరవదు. ఆ చూపు పడితే ఎదుటివాడు ఒకడుగు వెనక్కి వేస్తాడు. మొన్నటిదాకా హెయిర్‌పిన్ చూసుకుని మురిసిన పిల్ల కాబట్టే ఆ చూపు మనల్ని కూడా ఉలిక్కిపడేలా చేస్తుంది.

వంకలు లేవా అంటే ఉన్నాయి. గంభీరమైన సన్నివేశం మధ్యలో అందరూ గుండ్రటి బొమ్మలైపోయి జోకులేసుకోవడం నాకు పంటికింద రాయి. జే-హా సరసాలు కొంచెం తగ్గించి ఉండాల్సింది. ఒక గట్టి అభ్యంతరం కూడా ఉంది. 24 ఎపిసోడ్లలో నలుగురు డ్రాగన్ వీరులను పోగుచేయడంతోనే సరిపోయింది. తండ్రిని చంపి గద్దెనెక్కిన సూ-వోన్‌తో లెక్క తేలనేలేదు. అతను చెడ్డ రాజు కూడా కాకపోవడం అసలు చిక్కు. అది కాస్త రుచి చూపించి ఆపేశారు. అన్నట్టు మొదటి సగంలో టైటిల్ పాటకు మాటల్లేవు, కునిహికో ర్యో సంగీతం ఒక్కటే. స్కిప్ నొక్కకండి.

తరువాయి కథ కావాలంటే మాంగా చదవాల్సిందే. 2016 నుంచి విజ్ మీడియా ఇంగ్లీషులో పుస్తకాలుగా వేస్తోంది. మా మేనకోడలి దగ్గర కొన్ని సంపుటాలున్నాయి, అడిగితే ఒక్కొక్కటిగా ఇస్తోంది, అదీ ముందుది తిరిగిచ్చాకే.