క్యాలెండర్లో చుక్క

మా వంటింటి క్యాలెండర్లో పాలవాడు నాగా పెట్టిన రోజులు, గ్యాస్ బండ వచ్చిన తేదీ ఉంటాయి. వాటి మధ్య నెలకో పెన్సిలు చుక్క. అమ్మ దగ్గర అబ్బిన అలవాటు. అమ్మమ్మకు చుక్కతో పనిలేకపోయింది; మూడు రోజులు బయట కూర్చుంటే ఇంటిల్లిపాదికీ తెలిసేది.

పోయినేడాది చుక్క పన్నెండు రోజులు ఆలస్యమైంది. సంగతి అత్తయ్య చెవిన పడింది. "నెల తప్పావా అమ్మా?" అని ఫోన్లోనే సంబరపడిపోయింది. మన భాషలో నెల తప్పడానికి ఒకటే అర్థం మరి! పెళ్లయినవాళ్లకు శుభవార్త, హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లకు పిడుగు.

ముందుగా ఆ పరీక్షే చేసుకున్నాను. కాదని తేలింది. డాక్టరమ్మ, "నెల కిందట ఏమైంది?" అంది. నిన్నమొన్నటి సంగతి కాదు, నెల కిందటిది! ఇంటికొచ్చి పేజీ వెనక్కి తిప్పాను. తలస్నానమైన వారంలోపే నాన్నను ఐసీయూలో చేర్చాం. ఆ గడిలో పాల లెక్క కూడా లేదు.

మెదడు అడుగున హైపోథాలమస్ అని ఉంటుంది. గంటకో గంటన్నరకో ఒకసారి కాస్త హార్మోన్ వదులుతూ తాళం వేస్తుంది. అండం ఎదిగేది ఆ తాళానికే. భయం, నిద్రలేమి, తిండి మానడం కలిసి కార్టిసాల్‌ను పెంచితే తాళం మందగిస్తుంది, అండం విడుదల వెనక్కి పోతుంది. విడుదలయ్యాక నెలసరికి పట్టేది సుమారు 14 రోజులు; అందులో పెద్ద తేడా రాదు. సాగేదల్లా మొదటి సగమే. అందుకే నాన్న ఇంటికొచ్చి ఇడ్లీ తింటున్నప్పుడు నా చుక్క రాలేదు.

"టెన్షన్ పడకు" అనే సలహా అంటే నాకు ఒళ్లుమంట. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు అది చెప్పి చూడండి. అలాగని అన్నిటికీ టెన్షనే కారణమనుకున్నా పొరపాటే. థైరాయిడ్, ప్రొలాక్టిన్, పీసీఓడీ కూడా ఇలాగే తేదీలు తప్పిస్తాయి. మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇప్పుడు చుక్కతోపాటు ఆ నెల గుండె జారిన రోజును కూడా గుర్తు పెడుతున్నాను. మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న అక్క కూతురు ఫోన్లో యాప్ వాడుతుంది. నా అలవాటు చూసి నవ్వేది. మొన్న పాల లెక్క చూడబోతే మార్చి పేజీలో ఓ గడిలో తన రాత: 'ఫిజిక్స్'.

ఏప్రిల్ పేజీలో తన చుక్క ఇంకా పడలేదు. నేనేమీ అడగలేదు. పెన్సిలు మాత్రం చెక్కి మేకుకు వేలాడదీశాను.