పుట చెదరని చదువు: టాబ్లెట్ పఠన యాప్‌ల ఎంపికపై ఒక పరిశీలన

పుస్తకం దొరకటం ఒక యెత్తు, దానిని హాయిగా చదువుకోగలగటం మరొక యెత్తు. హజ్రత్ ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా మూలంగా పేరుపొందిన అనుమసముద్రంపేటలో తెలుగు, ఉర్దూ రెండూ వాడుకలో వున్నవే. కాని పాత గ్రంథం కావలసివస్తే అక్కడి పాఠకుడు ఒకప్పుడు పెద్ద నగరాల గ్రంథాలయాల వైపు చూడవలసి వచ్చేది. నేడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. 2013లో ప్రారంభమైన రేఖ్తా ఉర్దూ గ్రంథాలను పుట పుటా చూపుతున్నది. దొరకటమనే చిక్కు చాలావరకు తీరింది. చదవటమనే చిక్కు మిగిలింది. టాబ్లెట్‌లోకి దించుకున్న ఆ గ్రంథాన్ని యే యాప్‌తో చదవాలి?

ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం సదుపాయాల జాబితా. గీతలు గీయవచ్చు, సంతకం పెట్టవచ్చు, ఫారాలు నింపవచ్చు, ఫైలును దూరాన వున్న సర్వర్‌లో దాచవచ్చు అంటారు. ఇవన్నీ కార్యాలయానికి పనికివచ్చేవే. రాత్రి భోజనం తరువాత ఒక సఫర్‌నామానో, ఒక సూఫీ జీవిత చరిత్రనో ఉల్లాసం కోసం చదివే వ్యక్తికి యివి అవసరం లేదు. కాబట్టి యాప్ గుణదోషాలను నిర్ణయించే ముందు, దాని చేతికి వచ్చే గ్రంథం యెటువంటిదో తెలుసుకోవాలి.

టాబ్లెట్ మీద చదివే ఫైళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఈపబ్ ఫైలులో అక్షరాలు నీటివలె పారుతాయి. అక్షరం పెంచితే పంక్తి తనంతట తాను సర్దుకుంటుంది. 1993లో వచ్చిన పీడీఎఫ్‌లో పుట స్థిరం. అచ్చులో యెలా వుంటే తెర మీదా అలాగే వుంటుంది. ఇంగ్లీషు పాఠకుడికి మొదటి రకం సమృద్ధిగా వుంది. తెలుగు, ఉర్దూ పాఠకులకు దొరికేవాటిలో అధిక భాగం రెండవ రకమే, అందులోనూ చాలావరకు పుటల ఫోటోలు. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాల సంగతి మరీ విచిత్రం. అవి యూనికోడ్‌ను అనుసరించవు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో వుంచుకొని పనిచేస్తాయి. అటువంటి పీడీఎఫ్‌లో పాఠాన్ని విడదీసి మళ్లీ పేర్చమంటే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు బయటపడుతుంది.

అందువల్ల, పుటను కరిగించి పారించే యాప్ గొప్పదన్న సామాన్యాభిప్రాయం మన విషయంలో నిలవదు. స్థిరమైన పుటకు స్వతహాగా ఒక విలువ కూడా వున్నది. మదీనా ముద్రణ ముస్‌హఫ్‌లో 604 పుటలు, పుటకు సాధారణంగా 15 పంక్తులు, ప్రతి పుటా ఒక ఆయతు ముగింపుతోనే ముగుస్తుంది. హాఫిజ్ జ్ఞాపకంలో ఆయతుతోపాటు పుటలో దాని చోటు కూడా నిలిచిపోతుంది. సాధారణ గ్రంథానికి అంతటి నియమం లేకపోయినా, ఇష్టపడి చదివినవాడికి ఆ మాట ఎడమ పుటలో అడుగున వున్నదన్న గుర్తు వుంటుంది. పుట చెదిరితే ఆ గుర్తూ చెదురుతుంది.

ఇక్కడ కొలతలు పరిశీలించటం మంచిది. 10 అంగుళాల టాబ్లెట్ తెర, 16:10 నిష్పత్తిలో వుంటే, సుమారు 8.5 అంగుళాల పొడవు, 5.3 అంగుళాల వెడల్పు వుంటుంది. డెమ్మీ 1/8 సైజు పుస్తకం పుట 8.5, 5.5 అంగుళాలు. అంటే పాత తెలుగు పుస్తకం యించుమించు అసలు పరిమాణంలోనే తెర మీద అమరుతుంది. ఎ4 కాగితం మాత్రం 64 శాతానికి కుదించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకు దిగుతుంది. చుట్టూ అంగుళం అంచు కత్తిరిస్తే అదే అక్షరం 10 పాయింట్లకు చేరుతుంది. అంచులు కత్తిరించే యీ ఒక్క సదుపాయం పది ఆడంబరాలకు సమానం.

ఈ గీటురాయి మీద కొన్ని యాప్‌లను చూడవచ్చు. అడోబీ అక్రోబాట్ రీడర్ 2020లో లిక్విడ్ మోడ్ అనే సదుపాయం తెచ్చింది. అది పుటను తెరకు తగినట్లు మారుస్తుంది, కాని స్కాన్ బొమ్మల మీద పనిచేయదు. కనుక పై గ్రంథాలకు దానివల్ల ప్రయోజనం లేదు. క్సోడో గీతలు గీసి, వ్యాఖ్యలు రాసుకొని చదివే విద్యార్థికి తగినది. ఉల్లాస పఠనానికి ఆ పనిముట్లు అదనపు బరువు. రీడ్‌ఎరా నమోదు అడగదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అంచులు కత్తిరిస్తుంది, ఆపిన పుటలోనే మళ్లీ తెరుచుకుంటుంది. డెమ్మీ సైజు తెలుగు పుస్తకానికి యింతకన్నా కావలసింది తక్కువ.

ఉర్దూ గ్రంథం దగ్గర మరో పరీక్ష యెదురవుతుంది. కుడి నుంచి ఎడమకు సాగే పుస్తకాన్ని రెండేసి పుటలుగా తెరిస్తే చాలా యాప్‌లు పుటలను తారుమారు చేస్తాయి. ఔత్సాహికులు ఉచితంగా నిర్మిస్తున్న కెఒరీడర్‌లో పుట తిప్పే దిశను మార్చుకోవచ్చు. స్కాన్ బొమ్మలోని మాటలను విడదీసి పెద్దవిగా పేర్చే ఏర్పాటు కూడా అందులో వున్నది. అయితే ఆ ఏర్పాటు పంక్తుల మధ్య ఖాళీని ఆధారం చేసుకుంటుంది. కిందికి వేలాడే తెలుగు వత్తుల దగ్గర, ఏటవాలుగా ఒకదానిపై ఒకటి ఒరిగే నస్తాలీఖ్ దగ్గర అది తడబడే అవకాశం వుంది. దాని అమరికలు నేర్చుకోవటానికి ఓపిక కూడా కావాలి.

ఇంతకన్నా లోతైన ప్రశ్న గ్రంథం యెవరి చేతిలో వున్నదనేది. రేఖ్తా చేసిన సేవ కాదనలేనిది. కాని అక్కడి గ్రంథాన్ని అక్కడి తెర మీదనే చూడాలి. నెట్ ఆగితే చదువూ ఆగుతుంది. టాబ్లెట్‌లో దాచుకున్న ఫైలు అలా కాదు, పాఠకుని అల్మారాలోని పుస్తకం వంటిది. మారుమూల పేటలోని పాఠకుడికి యీ భేదం చిన్నది కాదు. ఫైలును తన దగ్గరనే వుంచనిచ్చే యాప్‌కే మొదటి స్థానం యివ్వటం న్యాయం.

చూపు మందగించిన పెద్దల విషయంలో తీర్పు మారుతుందని ఒప్పుకోవాలి. వారికి పుట స్థిరత్వంకన్నా అక్షరం పెద్దదిగా వుండటం ముఖ్యం. యూనికోడ్‌లో కూర్చిన తెలుగు ఈపబ్ వారికి నిజంగా వరం. అటువంటివి తక్కువగా వుండటం యాప్‌ల దోషం కాదు, ప్రచురణకర్తల అలసత్వం. పాత పుస్తకాలను తిరిగి కూర్చి, దిద్ది అందించే పని యింకా చాలా మిగిలివుంది.

అనుమసముద్రంపేటకు దూరం కాని ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు పేరుపొందింది. చెంచా మంచిదో కాదో దాని మీది చెక్కడం చెప్పదు. తినేవాడు తింటున్నంతసేపు దానిని మరచిపోతే అది మంచిది. యాప్ విషయమూ అంతే. తనకు నచ్చిన ఒక్క గ్రంథం తెరిచి, ఇరవై పుటలు చదివి చూడాలి. ఆ ఇరవై పుటలలో యాప్ యెన్నిసార్లు గుర్తుకొచ్చిందో లెక్కించుకుంటే, యే జాబితా అవసరం లేకుండానే ఎంపిక పూర్తవుతుంది.