వార్డు వాతావరణం - ఎవరి కొలబద్ద?

ఆసుపత్రి సిబ్బంది మధ్య సంబంధాలెలా ఉన్నాయో అంకెల్లో తేల్చే ప్రశ్నావళులు మన దగ్గరికీ వచ్చేశాయి. వీటిని మొత్తంగా కొట్టిపారెయ్యాలని మా ఉద్దేశం కాదు. ఎవర్ని అడుగుతున్నారు, ఏం అడగడం లేదు అన్నదే మా పేచీ.

అమెరికన్ మనస్తత్వవేత్త రుడాల్ఫ్ మూస్ తయారుచేసిన పని వాతావరణ కొలమానంలో 90 వాక్యాలున్నాయి. తోటివాళ్ల ఐకమత్యం, పై అధికారి అండ, పని ఒత్తిడి, అదుపు ఇట్లా 10 అంశాలు. 2006లో బ్రయాన్ సెక్స్‌టన్ బృందం ప్రచురించిన భద్రతా వైఖరుల ప్రశ్నావళి మూలాలు విమానాల కాక్‌పిట్ సిబ్బంది కోసం రాసిన దాంట్లో ఉన్నాయి. విమానాన్ని ఊడ్చేవాళ్లు ఆ జట్టులో లేరు. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు మాత్రం పొద్దస్తమానం వార్డులోనే ఉంటారు.

ఈ కొలతలే ఒక నిజాన్ని బయటపెట్టాయి కూడా. 2003లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఇంటెన్సివ్ కేర్ డాక్టర్లలో 73 శాతం నర్సులతో తమ సహకారం బాగుందన్నారు. డాక్టర్లతో బాగుందన్న నర్సులు 33 శాతమే. గది ఒకటే, వాతావరణాలు రెండు. రెంటినీ కలిపి సగటు తీస్తే దక్కేది ఎవరిదీ కాని వాతావరణం.

మన దగ్గర మూడోది కూడా ఉంది. పారిశుధ్య పని చాలాచోట్ల కాంట్రాక్టు ఏజెన్సీల చేతికి పోయింది. ఆ పని చేసే మాదిగ, రెల్లి, మెహతర్ కులాల మనుషులు ఆసుపత్రి రోల్స్‌లో ఉండరు, కాబట్టి సర్వేకి 'సిబ్బంది' కారు. శ్రామికుల్నే అంతస్తులుగా విడగొట్టడం కులమని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. ఆ అంతస్తుల్ని కొలమానం 'హోదా' అనే ఒక్క గడిలో సర్దేస్తుంది.

ఒక జిల్లా ఆసుపత్రికి మేము తెలుగు చేసిన ప్రశ్నలు పట్టుకుపోయాం. 'సహోద్యోగులు మీకు సాయపడతారా?' అని అడిగితే ఒక ఆయా, "సహోద్యోగి అంటే ఎవరు సారూ? డాక్టరమ్మనా, మా సుశీలనా?" అంది. మా అనువాదం అక్కడే కూలిపోయింది. చాయ్ తాగే గ్లాసు గురించి అడిగితే మాత్రం తడుముకోలేదు: "మా గ్లాసు మేమే తెచ్చుకుంటం. ఎవ్వరు చెప్పలే, గట్లనే నడుస్తది."

కులం అడిగితే ఉద్యోగుల మధ్య చీలిక వస్తుందనే వాదన మాకు తెలుసు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై 2006లో వేసిన థోరాట్ కమిటీ సూటిగా ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్నే అడిగింది. వేధింపులకు హాస్టల్ గదులు మారాల్సి వచ్చిన సంగతి 2007 నాటి నివేదికలో అట్లాగే బయటికొచ్చింది. చీలిక ముందునుంచీ ఉన్నదే.

మాకు జవాబు దొరకని చిక్కు వేరే ఉంది. వార్డుకు ఇద్దరే స్వీపర్లున్నప్పుడు కాగితం మీద పేరు లేకపోయినా ఎవరు రాసిందీ తెలిసిపోతుంది. కాంట్రాక్టరుకి తెలిస్తే మర్నాడు పని ఉండదు. అడగకపోతే కనపడరు, అడిగితే దొరికిపోతారు. అందుకే వార్డువారీగా కాక జిల్లా మొత్తానికి కలిపి లెక్కవెయ్యాలనీ, కాగితాలు యాజమాన్యం చేతికి కాక యూనియన్ చేతికి రావాలనీ ప్రతిపాదిస్తున్నాం. ప్రశ్నలు కూడా 'ఎలా అనిపిస్తుంది' అని కాదు: గ్లాసు ఎవరిది, కుర్చీలో ఎవరు కూర్చుంటారు, పేరుతో ఎవర్ని పిలుస్తారు, 'ఏయ్' అని ఎవర్ని పిలుస్తారు, మార్చురీ డ్యూటీ ఎవరికి పడుతుంది. మార్చురీ ప్రశ్న మాకు సూచించింది ఆ ఆయానే.