చదువని శిలలు

జూబిలీహిల్సు దిగి ఫిలింనగరు వీథిలో నడచుచుండగా ఒకనాటి సాయంకాలము నా విద్యార్థి యొకడు నన్ను నిలిపి ప్రశ్న వేసెను. మా యెదుట ఒక లారీపై ప్లాస్టరుతో పోసిన బుద్ధుని శిరస్సును, పాలరాతి రంగు పూసిన స్తంభములును ఏదో చిత్రీకరణకై తరలిపోవుచుండెను. స్తంభములపై అక్షరములవంటి గీతలు గలవు. "మాస్టారూ, అవి నిజమైన అక్షరములేనా? ఏమి వ్రాసియున్నది?" అని వాడడిగెను. సంస్కృతమునను ఆంగ్లమునను పట్టములు పొందిన నేను ఆ గీతలు బ్రాహ్మీలిపి యగునో కాదో చెప్పజాలక తలవంచుకొంటిని. ఈ వ్యాసమునకు ఆ సిగ్గే మూలము.

బుద్ధునియెడ మనకు గౌరవము లేదనజాలము. చలనచిత్ర నటుడై ముఖ్యమంత్రిపదవి నధిష్ఠించిన నందమూరి తారకరామారావుగారి సంకల్పమున, హుస్సేనుసాగరమున నిలుపుటకై 58 అడుగుల యేకశిలా విగ్రహము చెక్కబడెను. 1990 మార్చి 10వ తేదీన తరలించుచుండగా అది నీట మునిగి కొందరి ప్రాణములను బలిగొనెను. 1992 డిసెంబరు 1వ తేదీన పీఠమెక్కెను. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడు వెలసెను. వీనిని నేను నిందింపను. కాని యీ నగరముననే, మూసీతీరమున చైతన్యపురి నరసింహాలయము చెంత, ఒక బండపై విష్ణుకుండినుల కాలపు ప్రాకృతశాసనము గలదు. గోవిందరాజవిహార మను బౌద్ధవిహారము పేరు దానియందున్నది. ఇంచుమించు 1500 ఏండ్ల క్రిందట ఇచ్చట భిక్షువులుండిరనుటకు అది సాక్షి. సాగరమున విగ్రహమును జూచినవారు లక్షలు. ఈ బండను జూచినవారెందరు? విగ్రహమునకు చేతులు జోడించిన చాలును. శాసనమునకు చదువు కావలెను. మన భక్తి సులభమైనదానినే యెన్నుకొన్నది.

కావ్యముల తీరు పరిశీలింపుడు. తిరుపతి వేంకటకవుల బుద్ధచరిత్రము ఎడ్విన్ ఆర్నాల్డు 1879లో ప్రకటించిన ఆంగ్లకావ్యము ననుసరించినది. పింగళి కాటూరి కవుల సౌందరనందము అశ్వఘోషుని కథ నాశ్రయించినది. ఆ కవుల శక్తియందు నాకు సందేహము లేదు. కాని వారు మనకిచ్చినది కపిలవస్తువు కథ. మన యూళ్లలో శతాబ్దులు జీవించిన బౌద్ధము కావ్యములలో గాక రాళ్లమీద నున్నది. ఆ రాళ్లను మనమేమి చేసితిమి? 1797లో కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చునాటికి జమీందారుని క్రొత్తపట్టణపు కట్టడములకై స్తూపపు రాళ్లు తరలిపోవుచుండెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన శిల్పములు 1859లో లండనుకు ఓడయెక్కెను. రాళ్లు లండనుకు పోయినవి. బుద్ధుని కథ లండనునుండి మనకు వచ్చినది.

ఇక చలనచిత్రము. 2017లో గౌతమీపుత్ర శాతకర్ణిపై ఒక చిత్రము విడుదలయ్యెను. ప్రేక్షకులు వేలకొలదిగా జూచిరి, సంతోషమే. ఆ రాజు పరాక్రమమును మనకు విపులముగా జెప్పునది నాసికగుహలోని శాసనము. అది ఆయన తల్లి బాలశ్రీ, మనుమడు పులుమావి 19వ రాజ్యసంవత్సరమున, బౌద్ధభిక్షువులకు గుహను దానమిచ్చుచు చెక్కించినది. ఒక ముసలితల్లి దానపత్రము లేకున్న ఆ వీరుని కీర్తి మనకింతగా దక్కెడిది కాదు. చిత్రము చూచి వచ్చిన మా విద్యార్థులలో ఈ సంగతి యెరిగినవాడొక్కడును లేకుండెను. వారికి జెప్పవలసిన నేనే చెప్పలేదు.

శాసనము చదివిన కలుగు ఫలమేమని యడుగుదురేమో. అమరావతిలో పూర్ణఘటము చెక్కిన ఫలకమొకటి గలదు. దానిని దానమిచ్చినవాడు విధికుడను చర్మకారుడు. తాను ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడనని అతడందు వ్రాయించుకొనెను. తల్లిని, భార్యను, సోదరులను, కుమారుని, కుమార్తెలను, బంధుమిత్రులను ఆ పుణ్యమున జేర్చుకొనెను. ఉపాధ్యాయుని కొడుకు తోలుపని చేసెను, మహాస్తూపమున తన పేరు నిలిపెను! చర్మకారుని నీడను గూడ మైలయని తలచిన మన పెద్దలకు ఈ రెండు మూడు పంక్తులు చదువవచ్చినచో, ఆచారము సనాతనమని యంత ధైర్యముగా పలికియుందురా? నాగార్జునకొండలో బోధిశ్రీ యను ఉపాసిక సింహళాచార్యులకు చైత్యగృహము కట్టించి, తన శాసనమున కాశ్మీర గాంధార చీనదేశములను పేర్కొనెను. ప్లాస్టరు బుద్ధుడు ఈ మాటలు చెప్పడు.

చదువకున్న కలుగు నష్టమును గూడ జూడుడు. పాలీవ్యాఖ్యలలో అంధక అట్టకథయను గ్రంథము ప్రస్తావింపబడినది. మన దేశపు పేరు గల ఆ వ్యాఖ్య నశించినది. ఇతరులు ఖండించుట కుదాహరించిన తునుకలే మిగిలినవి. ఆచార్య నాగార్జునుడు శాతవాహనరాజునకు వ్రాసెనని చెప్పబడు సుహృల్లేఖను 7వ శతాబ్దిలో భారతదేశపు విద్యార్థులు కంఠస్థము చేయుచుండిరని ఇత్సింగు తెలిపెను. దాని సంస్కృతమూలము నశించినది. టిబెట్టు, చీనా భాషలలో బ్రతికియున్నది. మన కాలమునను ఆలస్యమునకు కొదువలేదు. జలాశయమున మునుగకమున్ను నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగెను. అందలి చారిత్రకయుగపు నివేదిక 2006లో వెలువడెను. నీరు వేగముగా వచ్చినది; గ్రంథము నలువదియారేండ్లకు వచ్చినది.

పరిశోధన జరుగుట లేదని నా వాదము కాదు. ఆంధ్రదేశపు ప్రాచీనశాసనములను ఫ్రెంచి ప్రాచ్యవిద్యాసంస్థ విద్వాంసులు సంపుటీకరించి యెల్లరకు అందుబాటున నుంచిరి. 2023లో ఫణిగిరి శిల్పములు న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నిలిచెను. వారికి మనము ఋణపడితిమి. కాని ఆ వ్యాఖ్యలు ఆంగ్లమున నున్నవి. ఫణిగిరి చుట్టుప్రక్కల చదువుకొను బిడ్డకు అవి తెలుగున అందవలెను.

ఇది పండితుల పని, బడిపంతులునకేల యని కొందరందురు. పండితులెచ్చటనుండి పుట్టుదురు? ఉన్నతపాఠశాలలో వారమునకొక గంట బ్రాహ్మీకి కేటాయింపుడు. విశ్వవిద్యాలయములలో ప్రాకృతమునకు, పాలీకి గురువుల నియమింపుడు. ప్రతి శాసనమునకు ఛాయాచిత్రము, తెలుగులిపి, తాత్పర్యము గల చౌకసంపుటములు వెలువరింపుడు. లక్షలు వ్యయించి సెట్టు వేయించు నిర్మాతలు స్తంభము చెక్కుటకు ముందు ఒక్క శాసనవేత్తను పిలిపింపుడు. ఇది మతప్రచారము కాదు. మన పూర్వులు మనకు వ్రాసిన జాబులను విప్పి చదువుకొనుట.

గడచిన వేసవిలో నేను బ్రాహ్మీ అక్షరములు నేర్చి, ఆ విద్యార్థికి నేర్పితిని. మొన్న అదే వీథిలో అట్టి స్తంభమే యొకటి కనబడగా వాడు దగ్గరకు బోయి పరికించి, "మాస్టారూ, ఇవి ఉత్త గీతలు" అనెను. నేను వానికి చెప్పజాలని మాటను వాడు నాకు చెప్పెను.